పౌడరు చల్లిన బ్యాటరీ

శనివారం మధ్యాహ్నం. షెకీనా టీవీ రిమోట్ పదోసారి నొక్కింది. అట్టముక్క మీది ఎర్రలైటు వెలగలేదు.

నిన్నటిదాకా ఎంత ముద్దుగా మినుక్కుమందని! రిమోట్ నుంచి కంటికి కనబడని కిరణం వస్తుంది. చింతగింజంత సెన్సర్ దాన్ని పట్టుకోగానే లైటు వెలుగుతుంది. సోమవారం బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ కోసం షెకీనా సొంతంగా చేసిన సర్క్యూట్ అది. అక్కడ రిమోట్ నొక్కే పని తమ్ముడు కాలేబుది. వాడు వారం రోజులుగా బొటనవేలికి కసరత్తు చేయిస్తున్నాడు.

రిమోట్ పాడైందా? అమ్మ ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కింది. కంటికి కనబడని కిరణం తెర మీద ఊదారంగు చుక్కగా మెరిసింది. రిమోట్ బాగుంది. వైర్లు లాగి చూసింది. గట్టిగానే ఉన్నాయి. ఇక మిగిలింది తొమ్మిది వోల్టుల బ్యాటరీ.

అప్పుడే జుయ్యిమంటూ కాలేబు బొమ్మకారు గదిలోంచి దూసుకొచ్చింది.

షెకీనా కళ్లు చిన్నవయ్యాయి. వారం నుంచి కదలని కారు ఇవాళ ఎలా పరుగెడుతోంది? దాని రిమోట్‌లో వేసేదీ ఇలాంటి బ్యాటరీయే!

"నా బ్యాటరీ తీస్కొని నీ పాతది పెట్టినవ్ గదరా?"

"నేను ముట్టనే లేదక్కా! నానమ్మ కొనిచ్చింది."

నానమ్మ సీతమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "ఏందే, పోలీసు లెక్క అడుగుతున్నవ్? నేనే కొనిచ్చిన. పొద్దందాక మీదికెల్లి విమానాలు పోతయ్. వాటి గాలి తగిలిందేమో నీ లైటుకు."

నానమ్మ ఎప్పుడూ వాణ్ని వెనకేసుకొస్తుంది. షెకీనా నమ్మలేదు.

సాయంత్రం బాపు కొత్త బ్యాటరీ తెచ్చాడు. షెకీనా దాన్ని సర్క్యూట్ క్లిప్పుకు తగిలించింది. రిమోట్ నొక్కగానే లైటు వెలిగింది. అప్పుడు బ్యాటరీ మీద ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లింది. ఎవరు ముట్టినా వేలిముద్ర దొరికిపోతుంది! అంతా చెప్పుల డబ్బాలో పెట్టి మంచం కిందికి తోసింది.

"ఎల్లుండి రిమోట్ నువ్వు నొక్కకు," అంది కాలేబుతో. "నా దోస్తు ప్రియదర్శిని నొక్కుతది."

కాలేబు గేటు దగ్గర కూర్చుని విమానాలు లెక్కపెట్టాడు. కారు జోలికే పోలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే వాడు మంచం కింద దూరి కనిపించాడు.

"ఏం చేస్తున్నవ్ ఆడ?"

"బంతి వొయ్యింది."

బంతట, బంతి! షెకీనా మనసులోనే వేలిముద్రలు లెక్కపెట్టుకుంది. కానీ పౌడరు చెదురుతుందని డబ్బా తెరవలేదు.

సోమవారం పొద్దున్నే మూత తీసింది. బ్యాటరీ మీద పౌడరు చల్లింది చల్లినట్టే ఉంది. ఒక్క వేలిముద్రా లేదు. రిమోట్ నొక్కింది.

లైటు వెలగలేదు.

బాపు ప్రేమ్ రాజ్ కొత్తూరు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు. తొమ్మిది చూపాల్సింది నాలుగు చూపింది.

"ఎవ్వరు ముట్టలే బాపూ. మరి ఎట్ల అయిపోయింది?"

"క్లిప్పు తీసి పెట్టినవా?"

"ఎందుకు? రిమోట్ నొక్కలే, లైటు వెలగలే. అది పండుకున్నట్టే గదా?"

బాపు నవ్వాడు. "నువ్వు ఎప్పుడు నొక్కుతవో సెన్సర్‌కు ఏం ఎరుక బిడ్డా? ఎదురుచూస్తనే ఉంటది. ఎదురుచూసుడుకు గూడ కరెంటు కావాలె."

షెకీనా తెల్లటి పౌడరు వంక చూసింది. మొదటి బ్యాటరీకీ ఆమె ఏ రాత్రీ క్లిప్పు తీయలేదు.

బడికి ఇంకో అరగంటే ఉంది. షాపులు తెరవలేదు. కాలేబు కారు రిమోట్ విప్పి, తన బ్యాటరీ అక్క ముందు పెట్టాడు.

"సాయంత్రం ఇచ్చెయ్యాలె," అన్నాడు నేల చూస్తూ.

షెకీనా వాడి పక్కన కూర్చుంది. "క్లిప్పు నేనే మరిచిన్రా. నిన్ను ఊకెనే అన్న." టీవీ రిమోట్ వాడి చేతిలో పెట్టింది. "నువ్వే నొక్కాలె."

ఎగ్జిబిషన్‌లో కాలేబు బొటనవేలికి తీరికే లేదు. మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ మేడం వచ్చారు. కాలేబు దర్జాగా నొక్కాడు.

లైటు వెలగలేదు.

కాలేబు ముఖం వాడిపోయింది. "నేనేం చెయ్యలేదక్కా!"

పక్కనే ప్రియదర్శిని బల్లకు ఆనుకుని ఉంది. షెకీనా చూపు అటు పోబోయి ఆగింది. చేయి తిన్నగా బ్యాటరీ దగ్గరికి వెళ్లింది. క్లిప్పు పక్కన పడి ఉంది. ఇందాక జనం తగ్గగానే తనే తీసింది.

"నేనే తీసిన మేడం, ఒక్క నిమిషం!"

టక్.

"ఇగ నొక్కురా, కాలేబూ."