తొలిచొక్కా పద్దు

అంగారకుడి మీద అరుణపురంలో పురుడు దగ్గరపడిన ప్రతి ఇంటికీ భూమి నుంచి ఒక పాత చొక్కా రావాల్సిందే. పుట్టిన బిడ్డకు ముందుగా కొత్త బట్ట తొడగరు. బతికి బాగున్న మరో బిడ్డ వేసి విడిచినదే తొడుగుతారు. గ్రహం మారినా మనవాళ్ళు ఈ పట్టింపు మాత్రం వదిలితేనా! వాళ్ళ పోరు పడలేక సుంకాల శాఖ దిగుమతి పట్టికలో శిశువస్త్రాల కింద 'తొలిచొక్కా' అని వేరే పద్దు పెట్టింది.

మిగతా వాడిన బట్టలకు ప్రవేశం లేదు. క్రిములొస్తాయని కొలిమిలో వేసేస్తారు. అందుకని ఏది ఏ పద్దో తేల్చాలి. ఆ పని స్పర్శినిది. డాక్టర్ కృపానందం తయారుచేసిన ఈ యంత్రం నూలుపోగుల్లో చిక్కుకున్న చర్మకణాలను, చెమట లవణాలను మాలిక్యులర్ స్కానర్‌తో చదివి ఆ బట్ట ఎవరి ఒంటి మీద ఉండేదో చెప్పగలదు. మనిషి బుకాయిస్తాడు గానీ బట్ట బుకాయించదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ రోజు గాజు తలుపు అవతల ఝాన్సీ కూర్చుని ఉంది. ఆమెకు తొమ్మిదో నెల. ముందు ఇద్దరు పుట్టి పోయారు. వాళ్ళకు కొత్త బట్టలు తొడిగానని, అందుకే దక్కలేదని ఆమె నమ్మకం. ఈసారి అత్తగారు కాకినాడ నుంచి చొక్కా పంపింది.

"ఎలాంటి బిడ్డ తొడిగిందో కాస్త కనుక్కుని చెప్పండి మేడమ్" అని సుంకాల అధికారి మేధినిని మరీ మరీ బతిమాలింది.

మేధిని చొక్కాను స్పర్శిని పళ్ళెంలో పరిచింది.

"తొలిచొక్కా. పాతది. క్రిములు లేవు" అంది స్పర్శిని.

"ఏ బిడ్డ తొడిగింది?"

"ఏ బిడ్డా తొడగలేదు. కొత్త చొక్కాను బండ మీద బాది, ఎండలో పడేసి పాతదానిలా చేశారు. ఉన్నవన్నీ ఒక ముసలావిడ చేతి ఆనవాళ్ళు."

"మరి తొలిచొక్కా అన్నావేం?"

"పాతదా, క్రిములున్నాయా అనే నన్ను అడుగుతారు. బిడ్డ గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

మేధిని కృపానందాన్ని పిలిచి విషయం చెప్పింది. ఈ ఏడాది వచ్చినవాటిలో బిడ్డ తొడిగినవి ఎన్నని స్పర్శినిని ఆయనే అడిగాడు.

"ఒక్కటీ లేదు" అంది స్పర్శిని.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "కింద భూమ్మీద కాన్పులు తగ్గాయని వింటూనే ఉన్నాం కదమ్మా. ఏ మేరకు తగ్గాయో మనమూ అడగలేదు."

మేధినికి ఏడుపు రాలేదు. భయమూ వేయలేదు. పళ్ళెంలోని చొక్కా ముడతలు సరిచేసింది.

"బిడ్డ తొడగనిది తొలిచొక్కా కాదుగా, రూల్ ప్రకారం దీన్ని కొలిమిలో వేయాలి సార్."

"వేయాలి" అన్నాడు గానీ కదల్లేదు.

మేధిని చొక్కా తీసుకుని బయటికి నడిచింది. ఝాన్సీ గభాలున లేచింది. "ఎవరి బిడ్డ మేడమ్? బాగుందా?"

"ఆడపిల్లమ్మా. బొద్దుగా ఉంది. నిక్షేపంలా ఉంది."

"మా అత్త వాళ్ళ ఎదురింటి పాపే అయ్యుంటుంది!" ఝాన్సీ చొక్కాను గుండెకు హత్తుకుని భోరుమంది.

మేధిని లోపలికి రాగానే స్పర్శిని అడిగింది. "మీరు చెప్పిన బిడ్డ నా రీడింగులో లేదు. ఇకమీదట నేనూ అలాగే చెప్పాలా?"

"చచ్చినా నేర్పను. దానికి అబద్ధం నేర్పాక ఇంక యంత్రమెందుకు, మనం చాలమూ?" అన్నాడు కృపానందం.

కానీ ఝాన్సీ ఊరంతా చెప్పింది. గర్భిణులు వరస కట్టారు. ఎవరి బిడ్డ, ఎలా ఉంది అని ప్రాణం తీశారు. ప్రతి ఒక్కరికీ మొహం మీద అబద్ధం చెప్పలేక మేధిని సెలవు పెట్టేసింది. చివరికి కృపానందమే కూర్చుని, ఏ చొక్కాకు ఏ బిడ్డను చెప్పాలో స్పర్శినికి రాసిపెట్టాడు. ఝాన్సీకి కొడుకు పుట్టాడు, దక్కాడు. ఇక ఆ అబద్ధానికి తిరుగులేకపోయింది.

కొన్నాళ్ళకు కృపానందం కూతురికి చొక్కా వచ్చింది. వియ్యపురాలు పంపింది. సెలవు నుంచి తిరిగొచ్చిన మేధిని అందుకోబోతే ఇవ్వకుండా ఆయనే పళ్ళెంలో పరిచాడు.

"ఎవరు తొడిగారు?"

"మగపిల్లాడు. చలాకీగా ఉన్నాడు" అంది స్పర్శిని.

అది ఆయన రాసిపెట్టిన మాటే. మేధిని తల దించుకుంది.

"జలుబూ గిలుబూ ఏమీ చేయలేదు కదా?" కృపానందం పళ్ళెం మీదికి వంగాడు.

"ఒక్కసారి కూడా చేయలేదు."

"హమ్మయ్య!" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.