ఫిర్యాదుల పుస్తకంలో నలభై ఒకటో పేజీ

మంగళవారం పొద్దున్న బట్టలు, బూట్లు శుభ్రం చేసిచ్చే షాపు తలుపు తీసి పది నిమిషాలైనా కాలేదు. కౌంటర్ అమ్మాయి సైకాల్ ఇంకా కోటు కూడా విప్పలేదు. అప్పుడే మొదటి తగువు వచ్చి కౌంటర్ మీద పడింది.

"అది మా తాత కల్పాక్!" అన్నాడు వచ్చినతను. చీటీ చేతిలోనే ఉంది, ఇవ్వడం మరిచిపోయాడు. వేలు మాత్రం ఆమె భుజం మీదుగా వెనక అరల వైపు చూపిస్తోంది. "దాని నెత్తిన ఏమున్నాయో చూశారా?"

సైకాల్ వెనక్కి తిరగలేదు. ఏమున్నాయో ఆమెకు తెలుసు. బూట్లు. శుభ్రం చేసి పెట్టిన పదకొండు జతల బూట్లు. వాటి కింది అరలో ప్లాస్టిక్ సంచుల్లో నాలుగు తెల్లటి ఉన్ని టోపీలు. అవే కల్పాక్‌లు.

బిష్కెక్‌లో ఏ మగవాడూ తన కల్పాక్‌ని నేల మీద పెట్టడు. పడుకుంటే తల దగ్గర పెట్టుకుంటాడు కానీ కాళ్ళ దగ్గర పెట్టుకోడు. ఆ సంగతి ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అలాంటి టోపీని ఉతికి ఇస్తామని తీసుకుని, ఎవరివో బూట్ల కింద పడేసేవాళ్ళని ఏమనాలి? మీరే చెప్పండి.

"చీటీ ఇవ్వండి, తీసిస్తాను" అంది సైకాల్.

"చీటీ సంగతి తర్వాత. అక్కడ పెట్టింది ఎవరు?"

కౌంటర్ లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. మేనేజర్ జమీరా రాయించిన నియమం. 'కస్టమర్ ఎదుట తోటి ఉద్యోగుల తప్పు ఎత్తరాదు.' సైకాల్ పెదవి బిగించింది.

"టీ మరక పూర్తిగా పోయింది. చూడండి, చుక్క కూడా లేదు."

"మరక గురించి అడిగానా నేను? ఈ అంచు మా అవ్వ కుట్టింది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. తాత దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. 'మంచి షాపు తాతా, కళ్ళకద్దుకుని చూస్తారు' అని నేనే బతిమాలి తెచ్చాను. ఇప్పుడు ఆయనకేం చెప్పమంటారు?"

ఆ మాట సైకాల్ గుండెకు తగిలింది. క్షమించమని అడగబోయింది కూడా. ఇంతలో అతనే చెడగొట్టుకున్నాడు.

"మీలాంటివాళ్ళకి ఇదొక నంబరు, అంతేగా!"

"మీలాంటివాళ్ళంటే?" సైకాల్ కనుబొమలు పైకి లేచాయి.

"ఆ కనుబొమలు నా మీద ఎత్తకండి. ఫిర్యాదుల పుస్తకం ఎక్కడ?"

తలుపు పక్కన మేకుకి తాడుతో వేలాడుతోంది. ఈ ఊళ్ళో ప్రతి షాపులోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. పైన 'ఫిర్యాదులు, సూచనలు' అని రాసి ఉంటుంది. ఏ మేనేజరూ చింపెయ్యకుండా పేజీలకు నంబర్లు వేసి, దారంతో కుట్టి, ముద్ర కొట్టి ఉంచుతారు. రాసిన ప్రతిదానికీ మూడు రోజుల్లో కింద జవాబు రాయాలి. పుస్తకం అడుగుతామని బెదిరించేవాళ్ళు వందమంది ఉంటే, నిజంగా రాసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

ఇతను రాసేరకమే.

"రాసేముందు పాత పేజీలు కాస్త తిరగేసి చదవండి" అంది సైకాల్.

"చదువుకోడానికి రాలేదు నేను."

నిలబడే రాశాడు, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా. నీలం రంగు పనిబట్టలు, మోచేతి మీద గ్రీజు, జేబు మీద లిఫ్టుల మరమ్మతు సంస్థ గుర్తు. సైకాల్‌కి ఒళ్ళు మండిపోతోంది.

"పొద్దున్నే ఏ బిల్డింగ్‌లో తిట్లు తిన్నారో పాపం. తెచ్చి ఇక్కడ దింపుతున్నారు."

అతను తలెత్తాడు. "తింటాను. రోజూ తింటాను. తిన్నాక వెళ్ళి లిఫ్టు బాగుచేస్తాను. మీలాగా మూతి బిగించుకుని నిలబడను."

సైకాల్ టోపీ తీసి అతని ముందుకు చాచింది. అతను కల్పాక్‌ని రెండు చేతులా అందుకున్నాడు. బయట సన్నగా చినుకులు పడుతున్నాయి. కోటు విప్పి టోపీకి కప్పి, తాను తడుస్తూ రోడ్డు దాటి వెళ్ళాడు. అది తాను చూస్తూ నిలబడినందుకు సైకాల్‌కి ఇంకా కోపం వచ్చింది.

నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది: 'మా తాత కల్పాక్‌ని బూట్ల కింద పెట్టారు. ఎందుకని అడిగితే కౌంటర్ అమ్మాయి కనుబొమలు కప్పుకి తగిలేదాకా ఎత్తింది తప్ప ఒక్క ముక్క చెప్పలేదు. ఇలాంటి మనుషుల్ని కౌంటర్‌లో ఎవరు పెట్టారు? — ఎల్దియార్.'

పది గంటలకు జమీరా వచ్చింది. చదివింది. హ్యాండ్‌బ్యాగు దింపకుండానే జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

"రాసుకో. 'కౌంటర్ ఉద్యోగిని సైకాల్ నిర్లక్ష్యం వల్ల ఈ పొరపాటు జరిగింది. ఆమెను హెచ్చరించాం.' కింద నీ సంతకం."

"నిన్న సోమవారం, నాకు సెలవు అక్కా. అరలు సర్దింది మీరు."

"అయితే?"

"నేనున్న రోజు పొద్దున్నే ఆ టోపీలు తీసి బీరువా మీద పెడతాను. మీరు వచ్చి మళ్ళీ కింద పెట్టేస్తారు. ఇవాళ నేను చెయ్యి పెట్టేలోపే అతనొచ్చాడు."

"బూట్లు గుమ్మంలోంచి కనబడాలమ్మా. అవి చూసే జనం లోపలికొస్తారు. అరకి తలేమిటి, కాళ్ళేమిటి? చూడు సైకాల్, నేను మేనేజర్ని. నా పేరు ఆ పుస్తకంలో పడితే షాపు పరువు పోతుంది. నీ పేరు పడితే ఏం పోతుంది?"

"నా పేరు పోతుంది."

జమీరా నవ్వింది. "శుక్రవారంతో గడువు ముగుస్తుంది. సంతకం పెడితే ఉత్త హెచ్చరిక. పెట్టకపోతే శనివారం నుంచి రావక్కర్లేదు."

ఎంత సులువుగా అనేసిందో చూడండి! చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంటే ఉద్యోగం ఉంటుందట, నిజం పట్టుకుని నిలబడితే పోతుందట. సైకాల్ రెండు రోజులు పంటి బిగువున పనిచేసింది. చొక్కా బొత్తాం ఊడిందని ఒకరు, కోటు రంగు మారిందని ఒకరు, చీటీ పారేసుకుని కోటు ఇమ్మని ఒకరు. అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. నలభై ఒకటో పేజీ కింద మాత్రం ఖాళీగానే ఉంది.

గురువారం మధ్యాహ్నం జమీరా భోజనానికి వెళ్ళినప్పుడు ఎల్దియార్ మళ్ళీ వచ్చాడు. నేరుగా మేకు దగ్గరికి వెళ్ళి పుస్తకం తెరిచాడు.

"జవాబేది?"

"నా సంతకం కోసం ఆగింది."

"పెట్టొచ్చుగా? చెయ్యి నొప్పా?"

"అబద్ధం కింద సంతకం పెట్టే అలవాటు లేదు నాకు."

"ఓహో! బూట్ల కింద పెట్టడం అబద్ధమా?"

"అది నిజం. పెట్టింది నేనన్నది అబద్ధం."

అతను వెళ్ళిపోదామని తిరిగాడు. ఉన్నట్టుండి వాన దబదబా దంచడం మొదలైంది. తలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చాడు. ఆమెతో మాట్లాడటానికి అభిమానం అడ్డొచ్చి, ఊరికే నిలబడలేక పుస్తకం వెనక్కి తిప్పాడు. నలభై, ప్యాంటు మీద ఇస్త్రీ మచ్చ. ముప్ఫై తొమ్మిది, కర్టెన్లు కురచయ్యాయి. ముప్ఫై ఎనిమిది దగ్గర అతని చెయ్యి ఆగింది. నెమ్మదిగా పైకి చదివాడు.

"'సూచన. కల్పాక్‌లను బూట్ల కింది అరలో పెట్టకూడదు. అవి మన పెద్దవాళ్ళ తలమీద ఉండేవి. వాటికి పైన వేరే అర కేటాయించాలి. నోటితో మూడుసార్లు చెప్పాను, ఎవరూ వినలేదు. — కౌంటర్ ఉద్యోగిని సైకాల్, జనవరి పన్నెండు.'" కింద జవాబు వేరే చేతిరాత. "'పరిశీలించాం. అవసరం లేదు.'"

అతను ఆ పేజీని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇది మీరు రాసిందా?"

"కింద పేరుందిగా."

"సొంత షాపు పుస్తకంలో మీరే..."

"మేనేజర్ సొరుగులో పెట్టిన కాగితాలు కనబడకుండా పోతాయి. ఇందులో పేజీలు పోవు."

"మరి మొన్న ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పాను. తిరగేసి చదవమన్నాను. చదువుకోడానికి రాలేదన్నారు."

ఎల్దియార్ చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను తిట్టండి. గట్టిగా తిట్టండి."

"ఇప్పుడు తీరిక లేదు."

"అయితే ఆ పేజీ చింపేస్తాను."

"ముట్టుకోకండి!" సైకాల్ కౌంటర్ దాటి వచ్చేసింది. "ఎందుకు చింపాలి? మీ కోపం న్యాయమైనదే. మీ అవ్వ కుట్టిన టోపీ అది. కాని మనిషిని పట్టుకున్నారు, అంతే."

"ఎవర్ని పట్టుకోవాలి మరి?"

ఆమె కౌంటర్ లోపల అంటించిన నియమం కాగితం చూపించింది. అతను వంగి చదివి, మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు బాగుందని సైకాల్ అనుకుంది, అనుకున్నందుకు తన మీద తనే చిరాకుపడింది. రేపటి గడువు సంగతి మాత్రం దాచకుండా చెప్పింది. విన్నకొద్దీ అతని ముఖంలో నవ్వు పోయింది. వాన తగ్గకుండానే వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి జమీరా పుస్తకం కౌంటర్ మీద తెరిచి, పెన్ను సైకాల్ చేతిలో కుక్కింది. వరసలో ముగ్గురు కస్టమర్లున్నారు.

"పెట్టు. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి" అంది సైకాల్. పెన్ను కింద పెట్టేసింది.

తలుపు తెరుచుకుంది. ముందు ఒక తెల్ల కల్పాక్, దాని కింద తెల్ల గడ్డం, ఆ వెనక ఎల్దియార్.

"రండి తాతా, రండి!" జమీరా గొంతు ఒక్కసారిగా పంచదార పాకమైపోయింది. "తప్పు చేసిన పిల్ల ఇదిగో, ఇప్పుడే సంతకం పెడుతోంది. మీ చలికోటు ఉచితంగా ఉతికిస్తాం. టీ తీసుకోండి."

"టీ మా ఇంట్లో ఉంది" అన్నాడు సాతార్ తాత. "పుస్తకం ఇటివ్వు."

కళ్ళజోడు పెట్టుకుని ముప్ఫై ఎనిమిదో పేజీ తీశాడు. సైకాల్ రాసిన ప్రతి మాటా వరసలో ఉన్నవాళ్ళకి వినబడేలా చదివాడు. జవాబు దగ్గరికొచ్చాక రెండుసార్లు చదివాడు.

"ఈ 'అవసరం లేదు' ఎవరి చేతిరాతమ్మా?"

వరసలో చివరనున్న పెద్దమనిషి ఉలిక్కిపడి ముందుకొచ్చాడు.

"ఆగండాగండి. నా కల్పాక్ కూడా ఇక్కడే ఇచ్చాను. ఎక్కడుంది?" అరల వైపు చూసి కేకేశాడు. "ఏమమ్మా! ఎవడి బూట్లవి నా టోపీ మీద?"

ఇక షాపు షాపులా లేదు. ముగ్గురూ ఒకేసారి అందుకున్నారు. మీ ఇంట్లో మగవాళ్ళు లేరా అని ఒకరు, మీ నాన్న టోపీ అయితే ఇలాగే పెడతావా అని ఒకరు.

"ఏదో పొరపాటు, క్షమించండి..." అంది జమీరా.

"మాటలు వద్దు" అన్నాడు తాత. ఆయన గొంతు పెంచలేదు, అందరూ మాత్రం ఆగారు. "జనవరిలో ఈ పిల్ల చెప్పింది. నువ్వు వినలేదు. ఇవాళ నీ తప్పు దాని చేత మోయిస్తున్నావు. నా టోపీకి జరిగిన అవమానం కంటే అది పెద్దది. ముందు వాటిని పైకెక్కించు. తర్వాత నీ చేత్తో నువ్వే రాయి."

జమీరా స్టూలెక్కింది. బూట్లు కిందికి దిగాయి, కల్పాక్‌లు పైకెక్కాయి. తర్వాత నలభై ఒకటో పేజీ కింద రాసింది: 'అరలు సర్దింది నేను. సూచన ముందే వచ్చినా లెక్కచెయ్యలేదు. సైకాల్ తప్పు ఏమీ లేదు. — మేనేజర్ జమీరా.' కుట్టిన పుస్తకంలో, అంతమంది సాక్షుల ముందు. ఇక సైకాల్‌ని పొమ్మనే ధైర్యం ఆవిడకెక్కడిది?

మూడు రోజులుగా పట్టి ఉంచిన కన్నీళ్ళు సైకాల్‌కి అప్పుడొచ్చాయి. బూట్లు సర్దే వంకతో అటు తిరిగింది.

"పుస్తకం ఇంకోసారి ఇస్తారా?" అన్నాడు ఎల్దియార్.

"మళ్ళీ ఏం ఫిర్యాదు?"

"సూచన."

ఈసారి కూర్చుని, మెల్లిగా రాశాడు. సైకాల్ చదివింది.

'మంగళవారం ఒకరి కనుబొమల మీద ఫిర్యాదు చేశాను. అది తప్పు. ఆ రోజు నుంచి నాకు అవి తప్ప ఏమీ కనబడటం లేదు. నిన్న ఐదో అంతస్తు బటన్ నొక్కితే లిఫ్టు మూడులో ఆగేలా వైర్లు కలిపి, మళ్ళీ తిట్లు తిన్నాను. సూచన: సదరు ఉద్యోగిని నాతో కలిసి వీధి మూల పీపాలో అమ్మే చల్లటి మక్సిమ్ అంబలి తాగాలి. — ఎల్దియార్.'

సైకాల్ కనుబొమలు మళ్ళీ పైకి లేచాయి. "మూడు రోజుల్లో జవాబు వస్తుంది."

"మూడు రోజులా! ఇక్కడే ఉన్నారుగా, చెప్పేయండి."

"నియమం అది. నోటితో చెబితే చెల్లదు."

సాతార్ తాత పకపకా నవ్వాడు. "మీ అవ్వ సరే అనడానికి రెండేళ్ళు తిప్పించుకుందిరా. మూడు రోజులకే ఏడుస్తావేం?" దీవించడానికి రెండు అరచేతులు ముందుకు చాపి సైకాల్ వైపు తిరిగాడు. "తల్లీ, నీ పేరు ఎప్పుడూ పై అరలోనే ఉండాలి." చేతులతో ముఖం నిమురుకుని, కల్పాక్ సర్దుకుని బయల్దేరాడు.

సోమవారం ఎల్దియార్ పని మధ్యలో పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజు సైకాల్‌కి సెలవని అతనికి తెలియదు. కౌంటర్‌లో జమీరా ఉంది. ఆవిడ పెదవి విరిచి, పుస్తకం ముందుకు తోసింది.

నలభై రెండో పేజీ కింద ఆదివారం తేదీతో జవాబు ఉంది.

'పరిశీలించాం. అవసరమే. "మీలాంటివాళ్ళు" అన్న మాటకు క్షమాపణ ఇంకా అందలేదు. దాన్ని స్వయంగా అందజేయాలి. — సైకాల్.'

అతను తల తిప్పి తలుపు అద్దంలోంచి చూశాడు. రోడ్డు అవతలి మూలన మక్సిమ్ పీపా పక్కన, సన్నటి వానలో, గొడుగు కింద సైకాల్ నిలబడి ఉంది. చేతిలో రెండు గ్లాసులున్నాయి.