తగ్గనంటున్న కడుపునొప్పి

"ఇది పాలా, విషమా?"

తిలెక్ గిన్నె కింద పెట్టేసి, కడుపు పట్టుకుని గుడారం బయటికి పరుగెత్తాడు. వెనక నుంచి ఓ అమ్మాయి గొంతు తాపీగా వినిపించింది.

"ఎడమ వైపు! గుట్ట వెనకాల! కుడి వైపు వెళ్ళకండి, కుక్క ఉంది!"

పది నిమిషాల తర్వాత పాలిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. ఆ అమ్మాయి అదే గిన్నె మళ్ళీ నింపి చేతికిచ్చింది.

"మళ్ళీనా? నన్ను చంపాలనుందా మీకు?"

"లోపలున్న చెత్తంతా పోతోందండీ. ఎన్నేళ్ళ నుంచి దాచుకున్నారో ఏమో!"

గుడారంలో వైద్యానికి వచ్చిన పదిమందీ ఘొల్లున నవ్వారు. ట్రాలీబస్సు నడిపి రిటైరైన సాపర్ తాత కళ్ళు తుడుచుకుంటూ, "మొదటి రోజు అందరికీ ఇంతే బాబూ. ఆ గుట్ట దారి నేను కళ్ళు మూసుకునైనా వెళ్ళగలను" అన్నాడు.

తిలెక్‌కి ఒళ్ళు మండిపోయింది. బిష్కెక్‌లో పెళ్ళంటే తిలెక్ యాంకరింగ్ ఉండాల్సిందే. మైకు పట్టుకుంటే రెండు వందల మందిని నవ్విస్తాడు. అలాంటివాడిని చూసి ఇప్పుడు పదిమంది నవ్వుతున్నారు! కానీ ఈ రోగం తెచ్చుకున్నది ఆ పెళ్ళిళ్ళ వల్లే. వారానికి నాలుగు విందులు, ప్రతి విందులో కొవ్వు కారే మాంసం, నూనెలో వేయించిన రొట్టెలు, క్రీము కేకులు, కూల్‌డ్రింకులు. ఇరవయ్యేడేళ్ళకే పుల్లటి తేన్పులు, ఉబ్బరం, నిద్రలేని రాత్రులు. మాత్రలతో విసిగిపోయి వాళ్ళమ్మే కారెక్కించి, ఈ సూసమీర్ కొండ పచ్చికల్లో, అందరూ 'అపా', అంటే అమ్మా, అని పిలిచే కెంజె గుడారం ముందు దింపి వెళ్ళింది.

కెంజె అపా వైద్యంలో మందులుండవు. మొదటి మూడు రోజులు అప్పుడే పిండిన ఆడగుర్రం పాలు, నులివెచ్చగా, రోజుకి ఆరుసార్లు. మాంసం లేదు, నూనె లేదు, తీపి లేదు. పలచటి గంజి మాత్రం ఉంటుంది. నాలుగో రోజు నుంచి ఆ పాలనే తోలు తిత్తిలో పులియబెట్టి చిలికిన కిమిజ్. తాగాలి, వాగు దాకా నడవాలి, పడుకోవాలి. అంతే.

"ఇంతేనా?" అన్నాడు తిలెక్ మొదటి రోజు.

"అది చెయ్యి చూద్దాం ముందు" అంది అపా.

మూడో రోజుకి అతనికి ఆకలేసింది. నిజమైన ఆకలి! అది ఎలా ఉంటుందో మర్చిపోయి ఏళ్ళయింది. అయిదో రోజు పొద్దున్న లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది, నోరు శుభ్రంగా ఉంది, బయట తుంపర పడుతుంటే పాట పాడాలనిపించింది. ఎంతోమంది డాక్టర్లు చెయ్యలేనిది ఈ పాలు చేశాయి!

ఆ సంతోషంలో బయటికొచ్చి సాల్కిన్‌ని చూశాడు. మొదటి రోజు గిన్నె అందించిన అమ్మాయే, అపా కూతురు. తుంపరలో ఒంటి మోకాలి మీద కూర్చుని, రెండో మోకాలి మీద బిందె నిలబెట్టుకుని, గుర్రం వెనక్కాలి చుట్టూ చెయ్యి వేసి పాలు పిండుతోంది. తల్లి చేపడానికి పిల్లని ముందు రెండు గుటకలు తాగనిచ్చి, ఆపైన పక్కకి లాగింది. గుర్రంతో ఏదో గొణుగుతోంది. అది చెవులు వాల్చి వింటోంది. తిలెక్ నోరు తెరుచుకుని అలా నిలబడిపోయాడు.

"నోరు మూసుకోండి, వాన పడుతుంది లోపల" అంది ఆమె తల తిప్పకుండానే.

"గుర్రానికి ఏం చెబుతున్నారు?"

"పట్నం నుంచి వచ్చినాయన మొద్దులా నిలబడ్డాడు, బెదరకు అని."

"ఆ పిల్ల తాడు నేను పట్టుకోనా?"

"పట్టుకోండి. అది లాక్కుపోతే మిమ్మల్ని వెతకడానికి రాను."

లాక్కుపోయింది. అతను బురదలో పడ్డాడు. ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు కోసం మళ్ళీ పడమన్నా పడేవాడు.

సరిగ్గా అప్పుడే అపా వచ్చి, "మొహంలో రంగు వచ్చిందే! తగ్గిపోయింది నాయనా నీకు. రేపు మీ అమ్మకి ఫోన్ చేస్తాను. నీ పరుపు కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు" అంది.

రేపా?

"అబ్బా!" అంటూ తిలెక్ కడుపు పట్టుకున్నాడు. "ఎక్కడ తగ్గిందపా? పొద్దుట్నుంచీ ఒకటే మెలిపెడుతోంది!"

పెళ్ళిళ్ళలో నేర్చిన నటన పనికొచ్చింది. ఆరో రోజు మూలిగాడు. ఏడో రోజు ఇంకాస్త గట్టిగా మూలిగాడు. మూలుగుల మధ్యలో గుర్రప్పిల్లల్ని పట్టుకున్నాడు, బిందెలు మోశాడు, గంజి రెండుసార్లు అడిగి తిన్నాడు. సాల్కిన్ ఓరగా చూస్తూనే గంజి వడ్డించేది. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ పన్నెండు రోజులు గడిపేశాడు.

పదమూడో రోజు పొద్దున్న ఓష్ నుంచి వచ్చిన రెండు కుటుంబాలు మూటలు సర్దుకున్నాయి.

"ఏమనుకోకపా," అంది వాళ్ళలో పెద్దావిడ. "ఈ అబ్బాయి పన్నెండు రోజులుగా తాగుతున్నాడట, ఇంకా మూలుగుతూనే ఉన్నాడు. కింద ఉన్న ఇంకో గుడారంలో కిమిజ్ బాగుందంటున్నారు."

వాళ్ళు వెళ్ళాక అపా గిన్నెలో కిమిజ్ పోసుకుని రుచి చూసింది. మళ్ళీ చూసింది.

"నాకేమీ తేడా తెలియట్లేదు," అంది నెమ్మదిగా. "ముసలిదాన్నయ్యాను, నాలుక పోయినట్టుంది. తోడు పాడైపోయింది."

తోలు తిత్తి మెడ పట్టుకుని వాగు వైపు ఈడ్చుకెళ్ళడం మొదలుపెట్టింది. ఆ తిత్తిలోది అపాకి వాళ్ళ అత్తగారు ఇచ్చిన తోడు. ఆవిడకి వాళ్ళ అత్తగారు ఇచ్చింది. ఒక్క వేసవి కూడా తెగకుండా వచ్చింది. ఒక్కసారి ఒంపేస్తే మళ్ళీ రాదు.

"ఆగండి!" తిలెక్ పరుగెత్తుకెళ్ళి తిత్తికి అడ్డంగా కూర్చున్నాడు. "పాడు కాలేదపా! నాకు తగ్గిపోయింది! అయిదో రోజే తగ్గిపోయింది!"

అందరూ బయటికొచ్చారు.

"మరి ఆ మూలుగులు?" అంది అపా.

"నటన."

"ఎందుకురా?"

తిలెక్ చెవులు సిగ్గుతో ఎర్రబడ్డాయి. అటు బిందె పట్టుకుని నిలబడ్డ సాల్కిన్‌ని చూశాడు.

"తగ్గిందంటే పంపించేస్తారని. ఇక్కణ్ణించి వెళ్తే ఆమె కనబడదని. మీ చేతి కిమిజ్ అంత గొప్పది నేను పుట్టాక తాగలేదపా. దాని పేరు నేను చెడగొట్టాను. నన్ను కొట్టండి, దాన్ని పారబోయకండి."

అపా చెయ్యి నిజంగానే లేచింది.

"అమ్మా, కొడితే ఇద్దరినీ కొట్టు." సాల్కిన్ బిందె కింద పెట్టింది. "నాకూ ఆరో రోజే తెలిసిపోయింది. కడుపునొప్పి ఉన్నవాడు గంజి రెండుసార్లు అడగడు. రోజూ చెబుదామనుకున్నా. చెబితే వెళ్ళిపోతాడని ఊరుకున్నా."

తిలెక్ తిత్తి దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు. సాపర్ తాత, "హమ్మయ్య, ఇప్పటికి చెప్పింది పిల్ల!" అన్నాడు.

అపా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చెయ్యి దించి తిత్తి మూతి బిగించి కట్టింది.

"నువ్వు ముందు కింద గుడారానికి పరుగెత్తు. ఆ ఓష్ వాళ్ళకి నీ నోటితో నువ్వే చెప్పి, మూటలు మోసుకుని తీసుకురా. ఆపైన బిష్కెక్ పో. నాలుగు పెళ్ళిళ్ళలో మైకులో చెప్పు, కెంజె కిమిజ్ అయిదు రోజుల్లో బాగుచేసిందని."

"వెళ్ళిపోవాలా అపా?" అన్నాడు తిలెక్.

"వెళ్ళకపోతే ఎలా? రోగం లేనివాడికి ఇక్కడ పరుపు లేదు."

అతను తలవంచుకుని నాలుగడుగులు వేశాడో లేదో, వెనక నుంచి అపా కేక వినబడింది.

"బిష్కెక్ నుంచి వచ్చేటప్పుడు మీ అమ్మని తీసుకురా! ఉత్త చేతులతో కాదు, సంబంధం ఖాయం చేసుకుని పిల్ల చెవులకి పెట్టడానికి దిద్దులతో రమ్మను!"

తిలెక్ వెనక్కి తిరిగాడు. సాల్కిన్ గుర్రం మెడ వెనక మొహం దాచుకుని నవ్వుతోంది.

"నిలబడిపోయారేం? పరుగెత్తండి!" అని అరిచింది. "దగ్గర దారి, కుడి వైపే వెళ్ళండి. కుక్కని నేను పట్టుకుంటాను!"