బరువైన ఛార్జర్

ప్రణీత లోపలికి వస్తూనే వీపు మీది బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. కృష్ణకుమారి మంచినీళ్లు ఇచ్చినా గ్లాసు కోసం చెయ్యి చాపలేదు.

అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఇండియన్ కిరాణా కొట్టు ఉన్న వరసలోనే శేషగిరి డిటెక్టివ్ ఆఫీసు. అంతకుముందు చాలా ఏళ్లు ఆయన ఇన్సూరెన్స్ కంపెనీకి దొంగ క్లెయిములు పట్టి ఇచ్చేవాడు. ఎవరినీ గద్దించకుండా నిజం రాబట్టడం ఆ ఉద్యోగంలోనే అలవాటైంది. సహాయకురాలిగా చేరిన రోజు నుంచి కృష్ణకుమారి ఆ అలవాటునే నేర్చుకోవాలని చూస్తోంది.

“అంకుల్, నా ల్యాప్‌టాప్ మారిపోయింది,” అంది ప్రణీత. “పైకి అదే. లోపల అది కాదు.”

“మొదటి నుంచి చెప్పమ్మా.”

ఆమె ఇంటీరియర్ డిజైన్‌లో మాస్టర్స్ చేసింది. పక్క ఊరు రాలీలో ఒక కంపెనీ ఆమెకు చివరి పరీక్షగా పిల్లల లైబ్రరీ ఒకటి డిజైన్ చేసి, అందులో నడుస్తూ చూసినట్టు వీడియో తయారుచేసి పంపమంది. సోమవారం పొద్దున అందాలి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా ఇచ్చిన గడువు దాదాపు అయిపోయింది. ఈ ఉద్యోగం రాకపోతే ఆమె దేశం విడిచి వెళ్లాలి.

“ఆ వీడియో కోసమే మంచి ల్యాప్‌టాప్ తీసుకున్నాను. నా క్లాస్‌మేట్ లోకేష్, నేను చాలా వారాలు చూశాం. రంగులు సరిగ్గా చూపించే స్క్రీన్ కావాలి, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి, మెమరీ ఎక్కువ ఉండాలి, మోయగలిగేలా ఉండాలి. చివరికి ఒకటి కుదిరింది. తనే ఆర్డర్ చేశాడు. ఇప్పుడు చూస్తే ఇందులో గ్రాఫిక్స్ కార్డే లేదు. మెమరీ సగమే. వీడియో మొదలుపెడితే ఆగిపోతోంది.”

“అమ్మినవాళ్లేమన్నారు?”

“ఆర్డర్ చేసిందే పంపాం, అనుమానముంటే వెనక్కి పంపండి, చూసి చెబుతాం అన్నారు. అంత టైమ్ నాకెక్కడిది?” ఆమె గొంతు తగ్గింది. “లోకేష్‌నే అనుమానించాను. మంచిది నువ్వు ఉంచుకున్నావా అని అడిగేశాను. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.”

శేషగిరి ల్యాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాని ఛార్జర్ చేతిలోకి తీసుకుని కృష్ణకుమారికి అందించాడు.

“అమ్మో, ఇటుకలా ఉంది సార్,” అందామె.

“పెట్టె విప్పింది ఎవరమ్మా?”

“నేనే, నా గదిలో. వసంతలక్ష్మి ఆంటీ వాళ్లింట్లో పేయింగ్ గెస్ట్‌గా ఉంటాను. వాళ్లబ్బాయి అక్షయ్‌కి కూడా ఇలాంటిదే తెప్పించమని ఆంటీ అడిగితే లోకేష్ రెండూ కలిపి ఆర్డర్ చేశాడు.”

“ఎప్పుడు ఆన్ చేశావు?”

“పూజ అయ్యాక. శుక్రవారం మంచి గడియ వచ్చేదాకా స్విచ్ నొక్కొద్దన్నారు ఆంటీ. ఫోన్‌లో మా అమ్మ కూడా అదే చెప్పింది. ల్యాప్‌టాప్‌లు రెండూ పీట మీద పెట్టి, పసుపు కుంకుమ పెట్టారు. హారతి ఇస్తుంటే అమ్మవారి పటం మీంచి చామంతి పువ్వు జారి నా ల్యాప్‌టాప్ మీద పడింది. నీకు అమ్మవారు ఉద్యోగం ఇచ్చేసిందే అన్నారు ఆంటీ.” ప్రణీత నవ్వబోయి ఆగిపోయింది. “మేమంతా వంటింట్లో పులిహోర తింటుంటే ఆంటీ వచ్చి ఎవరిది వాళ్లకి ఇచ్చారు.”

“పువ్వేమైంది?”

“ఏమో అంకుల్. అడగలేదు.”

* * *

శనివారం మధ్యాహ్నం శేషగిరి, కృష్ణకుమారి వెళ్లేసరికి వసంతలక్ష్మి ఇంటి ముందు లోకేష్ తన కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రమ్మని శేషగిరే పిలిచాడు.

“నేనేం చేసిన సార్?” అన్నాడు వరంగల్ యాసలో. “బాక్సులు సీల్ తీయకుండ తెచ్చిచ్చిన. తనే విప్పింది. క్లాసుల పక్కపక్కన కూసున్నోళ్లం, దొంగ అనేసింది.”

“రెండూ ఒకే రకమా?”

“బాడీ ఒకటే, లోపల వేరే. అక్షయ్ కాలేజీ పోరడు, పేపర్లు రాసుకునేటోడికి గ్రాఫిక్స్ కార్డు ఎందుకని మామూలుది పెట్టిన.”

“ఆ సంగతి వసంతలక్ష్మిగారికి చెప్పావా?”

లోకేష్ తల గోక్కున్నాడు. “ఆంటీకి ఇవన్నీ ఏమర్థమైతయని చెప్పలే.”

అక్షయ్ పై గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు. మోచేతి దగ్గర పొడవాటి మచ్చ ఉంది.

“లాస్ట్ వింటర్ కార్ స్లిప్ అయింది అంకుల్, ఐస్ మీద,” అన్నాడు శేషగిరి చూపు గమనించి. “అప్పటి నుంచి మామ్ చాలా భయపడుతుంది. నేను బయటికి వెళ్తే కాల్ చేస్తూనే ఉంటుంది.”

“కొత్త ల్యాప్‌టాప్ బాగుందా?”

“సూపర్ ఫాస్ట్. కానీ గేమ్ ఆడితే ప్లగ్ పెట్టినా బ్యాటరీ దిగిపోతుంది. ఛార్జర్ బ్యాడ్ అనుకుంటా.” అరచేతిలో ఇమిడిపోయే ఛార్జర్ ఒకటి తీసి చూపించాడు.

కృష్ణకుమారి దాన్ని తీసుకుని తూకం చూసింది. శేషగిరి వైపు తిరిగింది. ఆయన మాత్రం అక్షయ్ బ్యాగు ముందు జేబు చూస్తున్నాడు. జాలీలోంచి ప్లాస్టిక్ కవరులో వాడిన పసుపు చామంతి కనిపిస్తోంది.

“అదా? మామ్ పెట్టింది. తీయొద్దంది.”

కింద పూజ గదిలో వసంతలక్ష్మి వత్తులు చేసుకుంటోంది. నుదుట పెద్ద బొట్టు, మొహంలో అలసట. శేషగిరి చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకుని గడప పక్కన కూర్చున్నాడు.

“రెండూ కవల పిల్లల్లా ఉంటాయండీ,” అందామె అడక్కముందే. “ఒకేలాంటివి తెప్పించమన్నాను. ఆ పిల్ల ఎందుకలా గొడవ చేస్తోందో నాకు అర్థం కావడం లేదు.”

ఇంతలో ఏసీ మొదలైంది. పటం పైన సీలింగ్‌లో ఉన్న గాలి జాలీ గుయ్యిమంది. దండలోంచి ఒక పువ్వు ఊడి శేషగిరి మోకాలి మీద పడింది. ఆయన దాన్ని కళ్లకద్దుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

* * *

అందరినీ హాల్లో కూర్చోమన్నాడు. ప్రణీత ఒక చివర, లోకేష్ ఇంకో చివర కూర్చున్నారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. శేషగిరి రెండు ల్యాప్‌టాప్‌లనీ, రెండు ఛార్జర్లనీ బల్ల మీద పెట్టాడు.

“శక్తి ఎక్కువ ఉన్న ల్యాప్‌టాప్‌కి కరెంటూ ఎక్కువే కావాలి. అందుకే దానికి పెద్ద ఛార్జర్ ఇస్తారు. ప్రణీత దగ్గర పెద్ద ఛార్జర్ ఉంది, మామూలు ల్యాప్‌టాప్ ఉంది. అక్షయ్ దగ్గర చిన్న ఛార్జర్ ఉంది. అది చాలకే ఆడుతుంటే బ్యాటరీ దిగిపోతోంది. ప్రణీత పెట్టెలో పెద్ద ఛార్జర్ వచ్చిందంటే అమ్మినవాళ్లు సరైనదే పంపారు. లోకేష్ సరైనదే తెచ్చి ఇచ్చాడు.”

లోకేష్ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ప్రణీత కళ్లు తుడుచుకుంది.

“పెట్టె విప్పాక, స్విచ్ నొక్కకముందు మారింది. ఆ మధ్యలో ల్యాప్‌టాప్‌లు రెండూ కలిసి ఉన్నది పూజ పీట మీదే. ఛార్జర్లు గదుల్లోనే ఉండిపోయాయి. లోపలి తేడా తెలిసినవాడు మారిస్తే వాటినీ మార్చేవాడు. అలా మార్చలేదంటే మార్చిన మనిషికి ఆ తేడా తెలియదు. రెండూ ఒకటే అనుకున్న మనిషి.”

“ఒకటే అనుకుంటే మార్చడం దేనికి సార్?” అడిగింది కృష్ణకుమారి.

“పైన ఒక తేడా ఉంది కదా. ఒకదాని మీద పువ్వు పడింది.”

వసంతలక్ష్మి చేతిలోని వత్తి నలిగిపోయింది.

“ఆ పువ్వు ఇప్పుడు అక్షయ్ బ్యాగులో ఉందమ్మా,” అన్నాడు శేషగిరి మెల్లగా. “వాళ్లు వంటింట్లో ఉన్నప్పుడు మీరొక్కరే పీట దగ్గర ఉన్నారు.”

ఆమె కొడుకు వైపు తిరిగింది. “ఆసుపత్రిలో వీడికి స్పృహ వచ్చేదాకా ఆ తల్లికే మొక్కుకున్నాను. మళ్లీ ఏమవుతుందో అని రోజూ భయం. వీడి మీద చల్లని చూపు ఉందని ఒక్క గుర్తు కావాలనుకున్నాను. పువ్వు పక్కదాని మీద పడింది.” పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “వస్తువు రెండూ ఒకటే కదా, ఆ పిల్లకి పోయేదేముంది అనుకున్నాను. దొంగతనం అనుకోలేదండీ.”

“మరి ఆమెకి వచ్చిన దీవెన?” అడిగాడు శేషగిరి. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.



“మామ్,” అన్నాడు అక్షయ్. “అడిగుంటే ప్రణీత ఆ ఫ్లవర్ ఇచ్చేసేది కదా.” లేచి వెళ్లి బ్యాగులోని కవరు తెచ్చాడు. ల్యాప్‌టాప్‌నీ పువ్వునీ కలిపి ప్రణీత ముందు పెట్టాడు.

ప్రణీత చాలాసేపు ఆ పువ్వునే చూసింది. తర్వాత కవరు తెరిచి వాడిన రేకుల్లో సగం తీసుకుంది. మిగతా సగం కవరులోనే ఉంచి వసంతలక్ష్మి చేతికి ఇచ్చింది. “వాడి బ్యాగులో ఉండనివ్వండి ఆంటీ,” అంది. మాట గట్టిగానే వచ్చింది. కోపం ఇంకా పోలేదు.

లోకేష్ అప్పటికే బల్ల దగ్గరికి వచ్చి పెద్ద ఛార్జర్ తగిలిస్తున్నాడు. “సాఫ్ట్‌వేర్ అంతా మళ్ల ఎక్కించాలె. కూసో, టైమ్ లేదు.”

“లోకేష్, సారీ.”

“సోమవారం తర్వాత చెప్పు. పాస్‌వర్డ్ ఏంది?”

చీకటి పడే వేళకి వీడియో తయారవడం మొదలైంది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్లు హోరెత్తాయి. బాగా వేడెక్కుతోందని లోకేష్ అంటుండగానే వసంతలక్ష్మి తన గదిలోని టేబుల్ ఫ్యాన్ మోసుకొచ్చి దాని వైపు తిప్పింది. పక్కనే కుర్చీ వేసుకుని, గుడికి వచ్చినట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. స్క్రీన్ మీద పిల్లల లైబ్రరీలో ఒక్కో అలమరా, ఒక్కో కిటికీ వెలుగులోకి వస్తున్నాయి.

కారులో కూర్చున్నాక కృష్ణకుమారి ఉండబట్టలేక అడిగింది. “ఏసీ గాలికి పువ్వులు రాలుతున్నాయి సార్. మీ మీదా పడింది. అది గాలి పని అని ఆవిడకి చెప్పాల్సింది కదా?”

“గాలికే పడింది. అది నాకు కనిపించింది, నీకూ కనిపించింది.” శేషగిరి తాళం తిప్పాడు. “కనిపించని సంగతి ఆవిడ నన్ను అడగలేదు, నాకూ తెలియదు.”

జేబులోని చామంతిని తీసి స్టీరింగ్ ముందు పెట్టి, కారు రోడ్డు మీదికి తిప్పాడు.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ మోగింది. వీడియో గడువుకి ముందే అందిందని, బుధవారం ఇంటర్వ్యూకి పిలిచారని ప్రణీత చెప్పింది. వెనక నుంచి వసంతలక్ష్మి గొంతు వినిపించింది. ఆ రోజు మంచి గడియ ఎప్పుడుందో చూడనా అని అడుగుతోంది.

“వాళ్లు తొమ్మిదికి రమ్మన్నారు ఆంటీ,” అంది ప్రణీత. “తొమ్మిదే మంచి గడియ.”