సుబ్బక్క విన్న పది సినిమాలు

తెల్లవారగానే హనుమమ్మ చేసే మొదటి పని కండెలు లెక్కపెట్టడం. రాత్రి అన్నాలయ్యాక కోడలు సుబ్బక్క రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టి గంపలో వేస్తుంది. పొద్దున్నే మామ నాగప్ప ఆ కండెల్ని పడుగులో అటూ ఇటూ ఆడే నాడెలో ఒక్కొక్కటే పెట్టుకుని గుంటమగ్గం మీద చీర నేస్తాడు. ముప్పై కండెలుంటే మగ్గం సాయంత్రందాకా ఆగదు. ఆ రోజు గంపలో పద్దెనిమిదే ఉన్నాయి.

"ఏమే సుబ్బక్కా, రాత్రి రాట్నం తిప్పినావా, కునుకు తీసినావా?"

"తిప్పినా అత్తా. నూలు ఊరికే తెగతాండె."

"నూలు తెగతాండెనో, నీ చెవులు గోడ దూకి పోతాండాయో నాకు తెలీదనుకోవాకు."

సుబ్బక్క నవ్వు ఆపుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది. అత్త చెప్పింది నిజమే. పెరటిగోడకు అవతలే టూరింగ్ టాకీసు డేరా. ఏటా ఆరు నెలలు అది ఈ ఎమ్మిగనూరులోనే ఉంటుంది. తెర ఇటువైపే కట్టడంవల్ల మాటలూ పాటలూ నేరుగా రాట్నం దగ్గరికి వచ్చేస్తాయి. సుబ్బక్క కోసిగి నుంచి కోడలిగా వచ్చి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో ఆ డేరాలో ఆడిన ప్రతి సినిమానూ ఆమె విన్నది, ఒక్కోటి ఏడెనిమిది సార్లు. చూసింది మాత్రం ఒక్కటీ లేదు.

అందుకు కారణం నాగప్పే. డేరా మొదటిసారి వచ్చిన ఏడు ఆయన మగ్గాల వీధి పెద్దల్ని కూర్చోబెట్టి, మన వీధి ఆడవాళ్ళు ఆ డేరా గడప తొక్కకూడదని కట్టుబాటు చేయించాడు. గుడ్డ డేరాకు గడప ఎక్కడిదని ఎవరూ అడగలేదు. కట్టుబాటు చేయించినవాడి ఇంట్లో అది మరీ గట్టిగా సాగాలి కాబట్టి, డేరాలో కరెంటు ఇంజను మొదలుకాగానే నాగప్ప వీధి తలుపుకు అడ్డంగా మంచం వాల్చుకునేవాడు.

రెండు నెలల కిందట సుబ్బక్క మొగుడు లక్ష్మన్న గ్రంథాలయం నుంచి ఒక మద్రాసు వారపత్రిక తెచ్చాడు. 'ఈ పదేళ్ళ మేటి సినిమాలు' అని పేరు పెట్టి, యాభయ్యో సంవత్సరం నుంచి ఇప్పటిదాకా వచ్చిన సినిమాల్లో మేటి పదింటిని ఎంచి, ఎందుకు మేటివో ఒక్కో ముక్క రాసి పంపమని అందులో వేశారు. అప్పటికి నడుస్తున్నది యాభై ఏడే.

"పదేండ్లు నిండడానికి ఇంకా మూడేండ్లుండాయి కదా. రేపు ఇంతకన్నా మంచిది వస్తే ఏం జేస్తారంట?" అంది సుబ్బక్క.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లుండాది," అని లక్ష్మన్న నవ్వాడు. "అయినా ఎంచుదాం పా. మొదటిది ఆ కత్తియుద్ధాల సినిమా."

"అది ఆడిన నాలుగు దినాలూ నేను ముప్పై కండెలు చుట్టినా. అదేం సినిమా?"

లక్ష్మన్నకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. పసలేని సినిమా అయితే రాట్నం గిర్రున తిరుగుతుంది. కాస్త బాగుంటే ఇరవై అయిదు కండెలు. చాలా బాగుంటే చెయ్యి దానంతటదే ఆగిపోతుంది, ఇరవై దాటవు. ఏ సినిమాకు ఎన్ని చుట్టిందో, మర్నాడు అత్త ఏమేం తిట్టిందో ఆమెకు అన్నీ గుర్తున్నాయి. అత్త ఎక్కువ తిట్టిన పదింటినీ ఏరింది. లక్ష్మన్న కత్తియుద్ధాల కోసం చాలాసేపు వాదించి ఓడిపోయాడు.

అన్నిటికన్నా తక్కువ కండెలు చుట్టింది ఒక తండ్రీకూతుళ్ళ సినిమాకు, పదకొండే. దాన్ని మొదట పెట్టమంది. అది ఆడిన వారం లక్ష్మన్న చీరల మూట ఎత్తుకుని కర్నూలు పోయి ఉన్నాడు. చూడలేదు గనక ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు: 'కండ్లు లేని తండ్రి తన బిడ్డను అడుగుల సద్దుతోనే గుర్తుపడతాడు. అందుకని ఇది మొదటిది.' తర్వాత తమాషాకు కింద ఆమె పేరే రాసి తపాలా పెట్టెలో వేశాడు. వేసిన సంగతి ఆమెకు కూడా చెప్పలేదు.

కండెలు తక్కువైన ఆ పొద్దున, చేనేత సొసైటీకి పోయిన నాగప్ప పది గంటలకే తిరిగి వచ్చాడు. ఆయన వచ్చిన తీరు చూసి హనుమమ్మ చేట పక్కన పెట్టింది. చేతిలో నలిగిన పత్రిక ఉంది.

"యాడుండాది నీ కోడలు? పిలువు."

సుబ్బక్క వచ్చి తలుపు పక్కన నిలబడింది. పడుగు సరిచేస్తున్న లక్ష్మన్న లేచాడు. పత్రిక చూడగానే అతనికి సంగతి అర్థమైంది.

"వీధి మొదట్లో గోపన్న తన అరుగు మీద పదిమందిలో దీన్ని చదివినాడు. శ్రీమతి సుబ్బక్క, మగ్గాల వీధి, ఎమ్మిగనూరు అని అచ్చేసినారు. కట్టుబాటు జేసిన నాగప్ప కోడలే పది సినిమాలు జూసి, ఏది గొప్పదో దేశానికి చెప్తాందని ఒకటే నవ్వులు. ఎన్నిసార్లు పోయినావు? ఎవరితో పోయినావు?"

"నేను పోలేదు మామా. ఆ పత్రిక్కీ నేను పంపలేదు."

"పోకుండానే పదీ తెలిసినాయా? లక్ష్మన్నా, సాయంత్రం బస్సుకు దీన్ని కోసిగిలో దింపిరా. వాళ్ళ నాయనకే చెప్పుకోనీ."

ముప్పై ఏళ్ళొచ్చినా లక్ష్మన్న తండ్రికి ఎదురు చెప్పినవాడు కాదు. సుబ్బక్క అతనివైపే చూస్తోంది. ఆ చూపుకు తట్టుకోలేక చివరికి అన్నాడు.

"పంపింది నేను నాయనా. ఆమె పేరు నేనే రాసినా. సినిమాలు ఆమె చూల్లేదు, గోడకు ఇవతల కూర్చోని విన్నాది."

"వింటే ఇంత తెలుస్తాదా? మొగుడూ పెండ్లాం ఒకటై నన్ను ఎర్రోన్ని జేస్తాండారు. పైగా కండ్లు లేని తండ్రంట! ఆ సినిమాలో గుడ్డోడే లేడంట. కూతురొస్తే 'ఎవరమ్మా అది' అని ముద్దుకు అడుగుతాడంట, అంతే. కండ్లు బాగుండే మనిషికి కండ్లు పీకిందని గోపన్న పొట్ట చెక్కలయ్యేట్ల నవ్వినాడు."

"ఉండుండు," అంది హనుమమ్మ. "చూసినదానికి ఆయప్ప గుడ్డోడో కాదో తెలీదా? కండ్లుండే మనిషిని గుడ్డోడని చెప్పిందంటే అది చూల్లేదనే కదా?"

పెళ్ళాం మాట నిజమని తోచేకొద్దీ నాగప్పకు కోపం ఇంకా ఎక్కువైంది.

"సరే. గుడ్డోడని ఎట్లనుకుంది? అది చెప్పమను."

ఎట్లా అనుకుందో సుబ్బక్కకు బాగా తెలుసు. ఏడాదిగా తన మామ కూడా అదే మాట అడుగుతున్నాడు. ఎదురుగా నిలబడినా 'ఎవరమ్మా అది' అంటాడు. పోగు తెగితే వేళ్ళతో తడుముతాడు, చివర దొరక్క వదిలేస్తాడు. చూపు తగ్గిందని ఆయన పెళ్ళానికి కూడా చెప్పలేదు. నాగప్ప నేసిన చీరలో తప్పు వెతకడానికి దీపం చాలదని ఊళ్ళో పేరు. ఆ పేరు పోతుందని భయం. అందుకే సుబ్బక్క అందరికన్నా ముందు లేచి, వదిలేసిన పోగులన్నీ అతికి, ఏమీ ఎరగనట్టు పొయ్యి రాజేస్తుంది. ఇప్పుడు నిజం చెప్తే తను బయటపడుతుంది, మామ పరువు పోతుంది.

"తెలీక చెప్పినా మామా," అంది. "తప్పే."

"చూసినారా, ఏదో దాస్తాండాది. మూట సద్దుకోమను."

హనుమమ్మ ఎంత బతిమాలినా ఆయన వినలేదు. పోయి మగ్గం గుంటలో దిగాడు. లక్ష్మన్న పెరట్లో గోడకు ఆనుకుని కూలబడ్డాడు. సుబ్బక్క రెండు చీరలు మూట కట్టింది. ఏడేళ్ళు చాకిరీ చేసిన ఇంట్లోంచి దొంగలాగా పోవలసి వచ్చినందుకు ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. అయినా పుట్టింటికి పోయే కోడలు పెద్దలకు చెప్పిపోవాలి. కళ్ళు తుడుచుకుని మగ్గం ముందుకు వచ్చి నిలబడింది.

నాగప్ప తలెత్తాడు.

"ఎవరమ్మా అది?"

మాట నోరు దాటాక ఆయన చెయ్యి ఆగింది. అరుగు మీద గోపన్న వెక్కిరించిన మాటే ఇప్పుడు తన నోట వచ్చింది. కోడలు ఎవర్ని చూసి ఆ తండ్రిని గుడ్డివాడనుకుందో ఆయనకు అర్థమైంది.

"నేను మామా, సుబ్బక్కను. పోయొస్తా."

"నీకు... ఎప్పట్నించి తెలుసు?"

"పోయిన ఎండాకాలం నుంచి."

"పోగులు అతికేది నువ్వేనా? పొద్దున చేత్తో తడిమితే సరిగ్గా ఉంటాండె. ఎవరని అడిగితే నా సంగతి బయటపడతాదని నోరు మూసుకుంటి." నాగప్ప నాడె పక్కన పెట్టాడు. "ఇంతసేపు తిట్టించుకున్నావే. ఒక్క మాట చెప్పకపోతివి?"

"అందరి ముందరా ఎట్ల చెప్పేది మామా?"

నాగప్ప మగ్గం కర్రకు తల ఆనించి ఏడ్చాడు. గడపలో నిలబడిన హనుమమ్మకు అంతా వినపడింది. ఏడాదిగా పక్కనే ఉండి తను కనిపెట్టలేకపోయింది. కోడలు కనిపెట్టి కడుపులో దాచుకుంది. రోజూ కండెలు లెక్కపెట్టి తిట్టినందుకు ఆమెకు సిగ్గేసింది. వచ్చి సుబ్బక్క చేతిలోని మూట లాక్కుని లోపలికి విసిరేసింది.

నాగప్ప మొహం తుడుచుకుని గుంటలోంచి పైకొచ్చాడు.

"చెయ్యి పట్టుకోమ్మా. గోపన్న అరుగు కాడికి తీసుకపో."

"వద్దు మామా. నలుగురుంటారు."

"నలుగురుండాలనే."

కోడలు మామ ముందు మంచం మీద కూడా కూర్చోని వీధి అది. సుబ్బక్క మామ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. అరుగు మీద పదిమందీ ఇటు తిరిగారు.

"గోపన్నా," అన్నాడు నాగప్ప. "నువ్వు చెప్పింది నిజమే. ఆ సినిమాలో గుడ్డోడు లేడు. నా ఇంట్లో ఉండాడు. నా కోడలు నన్ను జూసి చెప్పింది. ఏడాది నుంచి మీరు బాగుండాయని మెచ్చుకుంటాండే చీరలు ఈ బిడ్డ సరిచేసినవి."

గోపన్న లేచి జాగా చూపించాడు. "కూర్చో నాగప్పన్నా," అన్నాడు మెల్లగా.

"కూర్చోను. ఇంకో మాట ఉండాది. ఆ కట్టుబాటు పెట్టించింది నేను. మీరు తీస్తారో తీయరో, నా ఇంటికాడ మాత్రం తీసేస్తాండా. ఆ తండ్రీకూతుళ్ళ సినిమా మళ్ళా వస్తే కోడల్ని నేనే పిలుచుకపోతా. నాకు కనపడదు. ఆమె చూసి నాకు చెప్తాది."

సుబ్బక్కకు మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి తుడుచుకోలేదు. "చెప్తా మామా," అని, "ఈడ మెట్టుండాది, జాగర్త," అంటూ ఆయన చెయ్యి వదలకుండా ఇంటివైపు నడిపించుకుపోయింది.