వీధి మలుపు దాకా రాని పాట

పాటల గురించి నాకు పెద్దగా తెలియదని ముందే చెప్పేస్తున్నాను. పెరంబూరులో రైలు పెట్టెలకు వెల్డింగ్ చేస్తాను. రోజంతా చెవుల్లో ఇనుము మోగుతూనే ఉంటుంది, ఇంటికొచ్చాక ఇంకో మోత దేనికి అనిపిస్తుంది. బస్సులో ఎవరైనా పెడితే వింటాను, దిగగానే మరిచిపోతాను. అలాంటి నన్ను పట్టుకుని, ఒక రాక్ బ్యాండు కొత్త ఆల్బమ్ ఎలా ఉందో చెప్పమన్నాడు మా మేడ మీద అద్దెకుండే నితిన్.

నితిన్‌ది విజయవాడ. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం గిటారు. ఇంకో ముగ్గురితో కలిసి నడిపే బ్యాండు పేరు 'తుప్పు'. పేరు మాత్రం సరిగ్గా పెట్టుకున్నారు. మా తొండియార్‌పేటలో హార్బరు గాలికి తుప్పు పట్టని గేటు లేదు. ఆల్బమ్ పేరు 'రేవు'. ఆ ఆదివారం భోజనాలయ్యాక నా ఫోన్‌కి పంపించి, మెట్ల మీద నుంచే చెప్పాడు, విని ఉన్నదున్నట్టు చెప్పమని. ఐదో పాట మాత్రం వదలొద్దన్నాడు. అది మన ఇంటి పాట అని నవ్వుతూ పైకి పోయాడు.

బయట ముసురు పట్టింది. సాయంత్రం కాకముందే హాల్లో లైటు వెయ్యాల్సి వచ్చింది. నా కూతురు సునయన నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు గీస్తోంది. ఒకటో తరగతి. వంటింట్లో మా మేనత్త గోవిందమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. పోయిన వానాకాలం నా భార్య లక్ష్మీప్రియ డెంగీ జ్వరంతో పోయింది. అప్పటి నుంచి ఈ ఇంటిని, బిడ్డను, నన్ను మోస్తున్నది అత్తే.

చిన్న స్పీకరు పెట్టి మొదలుపెట్టాను. మొదటి పాటలో గిటారూ డ్రమ్ములూ కొట్టుకున్నాయి, పాడేవాడు మధ్యలో దూరి అరిచాడు. రెండో దాంట్లో రైలు చప్పుడు పెట్టారు. రైలు చప్పుడు నాకు తెలుసు, అది ఈ ఊరి రైలు కాదు. మూడోది హార్బరు కూలీల మీద. ఏసీ గదిలో కూర్చుని 'చెమట, చెమట' అని పాడితే నాకు ఒళ్ళు మండింది. ఒక్క మూటైనా ఎత్తిన గొంతు కాదది. నాలుగోది మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను. గిటారు ఒక్కటే, సన్నగా, వాన వెలిశాక చూరు నుంచి కారినట్టు. తెలియకుండానే కాలు ఆడించాను.

ఐదో పాట మొదలైంది.

ముందు ఏమీ లేదు. ఎక్కడో జనం గుసగుసలు... ఒక కుర్చీ జరిపిన చప్పుడు... తరవాత ఒక ముసలి గొంతు.

"అమ్మా అని పిలిస్తే ఆడ పలికేదెవురే... నిద్ర చాలు లేవే... నీ బిడ్డను వచ్చి ఎత్తుకోవే..."

అది మా అత్త గొంతు. లక్ష్మీప్రియను ఇదే హాల్లో పడుకోబెట్టినప్పుడు పాడిన ఏడుపు పాట. ఈ ఊరి తమిళంలో దీన్ని ఒప్పారి అంటారు. మా వాళ్ళిళ్ళలో ఎవరు పోయినా అత్తను పిలుస్తారు. ఆ రోజు నితిన్ గోడవారగా తల దించుకుని నిలబడి ఉంటే, మర్యాద తెలిసిన పిల్లాడనుకున్నాను. చొక్కా జేబులో ఫోను రికార్డు చేస్తోందని నాకెలా తెలుస్తుంది?

డ్రమ్ములు వచ్చి పడ్డాయి. గిటారు మూలిగింది. అత్త గొంతులోంచి ఒక్క ముక్కను కోసి మళ్ళీ మళ్ళీ తిప్పారు. వచ్చి ఎత్తుకోవే. వచ్చి ఎత్తుకోవే. వచ్చి ఎత్తుకోవే. ఆఖరున వాయిద్యాలన్నీ ఆగిపోయి, నితిన్ గొంతే మెల్లగా, "వెళ్ళొస్తా అన్నా," అంది. అదీ ఆ రోజుదే. చావింట్లో ఎవరూ అనని మాట. చెప్పకుండా లేచి పోవాలి, అంతే. ఆ రోజు వాడు అలా అన్నప్పుడు ఆడవాళ్ళంతా వాడివైపు తిరిగి చూశారు. తెలియక అన్నాడులే అని ఊరుకున్నాను. దాన్ని తెచ్చి పాటకు ముగింపుగా పెట్టుకున్నాడు.

వెల్లుల్లి చేతులతోనే అత్త పరిగెత్తుకొచ్చి స్పీకరు ఆపేసింది.

సునయన తల ఎత్తకుండా రంగు పూస్తూనే అంది. "ఇది అమ్మ పాట కదా అప్పా. నితిన్ మామ పైన రోజూ పెడతాడు. మెట్ల మీద కూర్చుంటే వినపడుతుంది."

అప్పుడు చూశాను దాని జడ. ఆ జడను ఈ మధ్య రోజూ చూస్తూనే ఉన్నాను, ఇప్పుడు కళ్ళు పెట్టి చూశాను. నాలుగు పాయల జడ. లక్ష్మీప్రియ వేసే జడ. అత్తకు మూడు పాయలదే వచ్చు. పక్కింటి వాళ్ళు వేస్తున్నారని నేననుకున్నాను. నేను వేస్తున్నానని, ఫోన్లో చూసి నేర్చుకున్నానని అత్త అనుకుంటోందట. ఆ సంగతి అప్పుడే ఇద్దరికీ తెలిసింది.

ఎవరు వేశారమ్మా అని అడిగాను.

"అమ్మే. పాట వస్తే వస్తుంది." సునయన గొంతు తగ్గించింది. "నన్ను ఎత్తుకోను చూస్తుంది. ముందు చేత కాలేదు. ఇప్పుడు బలం వచ్చేసిందంట. అందరూ పిలస్తా ఉండారు కదా, అందుకంట."

అత్త నన్ను వంటింట్లోకి లాగింది. ఆమె చెప్పినదంతా గుసగుసలోనే చెప్పింది. పోయినవాళ్ళను లెమ్మని, రమ్మని పిలవడం ఏడుపు పాటలో సగమేనట. పాడె వీధి మలుపు తిరిగేచోట, ఆడవాళ్ళు ఆగిపోయేచోట, పంపించే చరణం పాడాలి. అది ఇంట్లో పాడకూడదు. ఆ రోజు మలుపు దగ్గర తను పాడింది, లక్ష్మీప్రియ తన దోవన వెళ్ళిపోయింది. కానీ నితిన్ అప్పటికే వెళ్ళిపోయాడు. వాడి ఫోన్లో పిలవడమే ఉంది.

"పిలిచేదే తిప్పితిప్పి పెట్టినాడు రా. ఊరంతా పిలస్తా ఉండాది," అంది అత్త. "పిలిస్తే తల్లి రాకుండా ఉంటుందా?"

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. నితిన్ తలుపు తీసి, నా ముఖం చూడకుండానే, ఐదో పాట విన్నావా అన్నా అని అడిగాడు. కాలరు పట్టుకున్నాను. నా భార్య శవం మీద ఏడ్చిన ఏడుపును ఎవరినడిగి తీసుకున్నావని అరిచాను. వాడు బిత్తరపోయాడు. అది అక్కకు నివాళి అన్నాడు. నివాళి! ఫోను తెర మీద పాట కింద పేర్లు చూపించాడు. గిటారెవరు, డ్రమ్ములెవరు, టీ తెచ్చినవాడితో సహా ఉన్నారు. మా అత్త పేరుండాల్సిన చోట 'అజ్ఞాత జానపద స్వరం' అని ఉంది. అజ్ఞాతమట! కింద వాటాలో ఉండే మనిషి. వాడికి జ్వరమొస్తే వారం పాటు గంజి కాచి పంపిన మనిషి.

పాట తీసెయ్యి అన్నాను. వాడు నసిగాడు. "ఆల్బమ్‌లో అదొక్కటే ఆడుతోందన్నా. రీల్స్‌లో అందరూ అదే పెట్టుకుంటున్నారు. ఇప్పుడు తీసేస్తే మేం ఉండం."

నీ బ్యాండు ఉంటే ఎంత, ఊడితే ఎంత అని చెయ్యెత్తాను. కొట్టేవాడినే.

వీధిలోంచి వినిపించింది.

వచ్చి ఎత్తుకోవే.

వానకు ఆగిన ఆటో ఒకటి మా గేటు ముందే నిలబడి ఉంది. డ్రైవరు సీటు మీద కాళ్ళు ముడుచుకుని పాట పెద్దగా పెట్టుకున్నాడు. ఆ డ్రమ్ములకు మెట్ల గ్రిల్లు కూడా అదురుతోంది.

కిందికి పరిగెత్తాను. నితిన్ నా వెనకే వచ్చాడు.

హాల్లో లైటు వెలుగుతూనే ఉంది. కానీ గది నిండా కరివేపాకు వేసి కాచిన నూనె వాసన... లక్ష్మీప్రియ తలకు రాసుకునే నూనె. ఆ సీసా నేనే పారేశాను, ఆమె పోయిన నెలలోనే. సునయన రెండు చేతులూ పైకి చాచి ఉంది. కళ్ళు మూసుకుంది. మొహంలో నవ్వు. గౌను చంకల దగ్గర ముడతలు పడి ఉంది, రెండు చేతులు అక్కడ పట్టుకున్నట్టు. పాదాలు నేలకు జానెడు ఎత్తున ఊగుతున్నాయి. అత్త నేల మీద మోకాళ్ళపై కూర్చుని దాని నడుము పట్టుకుని కిందికి లాగుతోంది.

అత్త అరవడం లేదు. ఒకటే మాట గొణుగుతోంది. "వద్దమ్మా... విడువు... వద్దమ్మా..."

నేనూ పట్టుకున్నాను. బిడ్డ బరువే లేదు. పైనుంచి లాగుతున్న బలం మాత్రం ఉంది. రోజంతా ఇనుము పట్టే చేతులు నావి. జారిపోతున్నాయి.

నితిన్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఒక్క క్షణం. తరవాత వానలోకి దూకాడు. ఆపు, ఆపు అంటూ ఆటోలోకి తల దూర్చి వైర్లు పీకేశాడు. వాడి పాటే.

చప్పుడు ఆగింది. సునయన మా ఇద్దరి మీద పడింది. దాని చంకల కింద వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలాయి.

నాకు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. నితిన్ మీద, ఆ ఆటోవాడి మీద, పాట బాగుందని ఫోన్లలో పంచుకుంటున్న ముక్కూముఖం తెలియని జనం మీద. చెప్పడానికి సిగ్గేస్తోంది, లక్ష్మీప్రియ మీద కూడా వచ్చింది. నువ్వు పోయావు సరే, నాకు మిగిలింది ఇదొక్కతే కదా అనుకున్నాను.

నితిన్ తడిసిన బట్టలతోనే కూర్చుని పాటను తీసేశాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. తను తీసినా జనం దాచుకున్నవి తన చేతిలో లేవని నెమ్మదిగా చెప్పాడు. అప్పుడు అత్త లేచి కొప్పు ముడి వేసుకుంది.

"మలుపు కాడికి పోదాం. ఇంకోసారి పంపిస్తా," అంది.

చెప్పులు వేసుకోకూడదంది. పాడె వెనక నడిచినట్టే నడవాలి. పాట అయ్యి ఇంటిముఖం పట్టాక ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదు. బిడ్డను ఇంట్లో వదలడానికి ఎవరికీ ధైర్యం లేదు, నలుగురం బయలుదేరాం. వాన తగ్గింది. వీధంతా బురద, చీలమండలు మునిగేంత. చీకటి పడే వేళ, దూరంగా హార్బరు లారీల హారన్లు. సునయన చెయ్యి నా చేతిలో ఉంది. బురదలో దాని కాళ్ళు చప్ చప్ మంటున్నాయి, ఆ చప్పుడు వింటూ నడిచాను.

మలుపు దగ్గర అత్త ఆగింది. దక్షిణం వైపు తిరిగి, గొంతు చాలా తగ్గించి పాడింది.

"బిడ్డ మా బిడ్డేనే... దిగులు పెట్టుకోబాకే... వెనక్కి చూడబాకే... నీ దోవన నువ్వు పోవే..."

నూనె వాసన వచ్చింది. మా పక్కనుంచి మెల్లగా కదిలింది... మలుపు అవతలికి పోయింది... తగ్గింది. తరవాత బురద వాసన, డీజిలు వాసన మాత్రమే. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇంటివైపు తిరిగింది. మేమూ తిరిగాం. ఎవరూ వెనక్కి చూడలేదు.

సగం దూరం వచ్చాక ఎక్కడో ఒక మేడ మీద ఎవరో పాట పెట్టారు. చాలా దూరం. గాలికి వినిపించీ వినిపించకుండా. మాటలు తెలియడం లేదు, డ్రమ్ములే. అత్త నడక పెంచింది. నితిన్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. నేను సునయన చెయ్యి ఎముకలు నొప్పి పుట్టేలా పట్టుకున్నాను. విడవలేదు. ఇంటిదాకా ఒక్కసారి కూడా విడవలేదు.

చావుకు పోయి వచ్చినట్టే, కాళ్ళు కడుక్కోకుండా గడప దాటకూడదు. అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు నాకు పోసింది. బురద నల్లగా కారింది. నితిన్‌కు పోసింది. తను పోసుకుంది. తరవాత సునయన ముందు వంగి, చెంబు వంచబోయి, అలాగే ఆగిపోయింది.

నేను వంగి చూశాను. పోయేటప్పుడు బురదలో చప్ చప్ మన్న సునయన పాదాలు ఇప్పుడు పొడిగా ఉన్నాయి. ఎవరో ఎత్తుకుని కొంగుతో తుడిచినట్టు, వేళ్ళ మధ్యన కూడా బురద లేదు.