వాసన లేని సీసాలు

“పదకొండింటికి మొదటి సూది. ఆలోగా రుజువు కావాలి,” ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు. “ఓవర్.”

ఏజెంట్ నైన్ మోచేతుల దాకా నురగతో సింక్ దగ్గర నిలబడ్డాడు. ఎనిమిది నెలలుగా ఈ ల్యాబ్‌లో సీసాలు కడుగుతున్నాడు. పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ సీసాలాయన. విదేశీ ముఠా తెచ్చిన క్యాన్సర్ మందు జన్యువుల్నే తునకలు చేస్తుందని డిపార్ట్‌మెంట్ అనుమానం. కానీ ఈస్ట్ కణాల మీద పరీక్షిస్తే మూడు నెలలుగా క్లీన్ రిపోర్టే. మొదటి సూది క్యాన్సర్‌తో ఉన్న అతని అక్కకే. అతను సబ్బుల కంపెనీలో ఉన్నాడనుకునే ఆవిడ, వద్దంటే “సబ్బులమ్మేవాడికి మందుల సంగతేం తెలుసురా” అని కొట్టిపారేసింది.

“తిన్నావా, సీసాలాయనా?”

మేడమ్. మూడు నెలల క్రితం డిపార్ట్‌మెంట్ ముఠాలోకి పంపిన మనిషి. హై హీల్స్, గది నిండా సెంటు. ఆ మాట అడిగేది ఆవిడొక్కతే. రోజంతా దానికోసమే ఎదురు చూసేవాడు.

“తిన్నానండీ.” తినలేదు.

ఆవిడ వెళ్ళాక సెంటు పలచబడింది. చేతిలో సీసాకి ఏ వాసనా లేదు. చక్కెర తిన్న ఈస్ట్ పులిసి సారా కంపు కొట్టాలి. మొదట్లో ఆ కంపుకి ముక్కు మూసుకుని కడిగేవాడు.

అల్మరాలోంచి కణాలకి మేతగా పోసే కొత్త మీడియం సీసా తీశాడు. లేబుల్ మీద ‘గ్లూకోజ్ చక్కెర’. జేబులోని గ్యాడ్జెట్ అక్క పాత షుగర్ మీటర్. ఒక్క చుక్క వేశాడు. ‘హై’ అని గోల పెట్టాల్సిన మీటర్ ‘లో’ అంది.

నాలుక్కి రాసుకుంటే మాత్రం తియ్యగానే ఉంది. చక్కెర బదులు గ్లిజరిన్! దాని మీద కణం పులియదు, ఊపిరి పీల్చి బతుకుతుంది. ఈ మందు దెబ్బ పులిసే కణంలోనే బయటపడుతుంది. మేత మార్చి మందుని మంచిదాన్ని చేశారు.

“సీసా కింద పెట్టు.” గుమ్మంలో మేడమ్, చేతిలో పిస్టల్.

“మీరు మా మనిషి కదా!”

“వాళ్ళ మనిషిని కూడా.”

అతను సబ్బునీళ్ళ బకెట్‌ని ఒక్క తన్ను తన్నాడు. హై హీల్స్ జర్రున జారాయి. పిస్టల్ సింక్ కిందికి పోయింది. పదకొండుకి నిమిషం ఉందనగా, సూది ఆపించమని ఇయర్‌ఫోన్‌లో చీఫ్‌కి కోడ్‌వర్డ్ చెప్పాడు: “గాజు పగిలింది.”

సంకెళ్ళు వేస్తూ అడిగాడు. “రోజూ తిన్నావా అని ఎందుకు అడిగేవారు?”

“నువ్వు తినడానికి వెళ్తేగానీ సీసాలు మార్చడం కుదిరేది కాదు.”

అతను సంకెళ్ళు ఇంకో నొక్కు బిగించాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. “సూది ఒంటికి తగిలించబోతూ ఆపేశార్రా! ఎవడో పనీపాటా లేనివాడు అడ్డుపుల్ల వేశాడట. వాడి చేతులు పడిపోను!”

సబ్బుకి నాని ముడతలు పడ్డ చేతుల్ని చూసుకున్నాడు.

“సరేలే, తిన్నావా?”

ఎందుకడుగుతున్నావని నోటిదాకా వచ్చింది.

“లేదక్కా,” అన్నాడు. ఎనిమిది నెలల్లో సీసాలాయన తన గురించి ఒక మనిషికి చెప్పిన మొదటి నిజం అది.